ఏడో తరం పెదనాన్న

ఆ గురువారం పొద్దున నాగభూషణరావు వేసుకున్న పథకంలో ఏ గొడవా లేదు. రెండు పెసరట్లు తినాలి. చుట్టచుట్టి మూలన నిలబెట్టిన ఫ్లెక్సును కారు వెనకసీట్లో పడుకోబెట్టాలి. గుడివాడ నుంచి బందరు వెళ్ళి, కాబోయే వియ్యంకుడి హాల్లో దాన్ని విప్పాలి. విప్పుతున్నప్పుడు ఆయన మొహం ఎన్ని రంగులు మారుతుందో తీరిగ్గా చూడాలి. భోజనాల వేళకు ఇంటికొచ్చి ఒక కునుకు తీయాలి. వచ్చే బుధవారం కూతురి పెళ్లి పెట్టుకున్న మనిషికి ఇంతకంటే ముఖ్యమైన పనులు చాలా ఉన్నాయని భార్య జానకి అన్నది. ఆ మాట ఆవిడ మూడు నెలలుగా అంటూనే ఉంది కాబట్టి ఆయన అల్లంపచ్చడి ఇంకాస్త వేయించుకుని ఊరుకున్నాడు.

ఆ ఫ్లెక్సు వెనక ఒక పరాభవం ఉంది. మాఘమాసంలో నవ్యశ్రీకి తాంబూలాలు పుచ్చుకోవడానికి బందరు వెళ్ళినప్పుడు, పెళ్లికొడుకు కల్యాణ్ తండ్రి పురుషోత్తమరావు గారింట్లో గోడంతా ఆక్రమించి ఒక వంశవృక్షం వేలాడుతూ కనిపించింది. తొమ్మిది తరాలు. ఆయనది రోల్డుగోల్డు నగల వ్యాపారం. మెరుగు పెట్టడం ఆయనకు ఒకరు నేర్పాలా? కర్ర పుచ్చుకుని కొమ్మకొమ్మా చూపించి, చివర్లో “మరి మీ వంశం సంగతి చెప్పండి బావగారూ” అన్నాడు. నాగభూషణరావు “మా తాతగారు కోటయ్యగారండీ...” అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు. ఆపైన ఎవరున్నారో ఆయనకు తెలియదు. హాలు నిండా బంధువులు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వేసినా అంత బాధ ఉండేది కాదు.

ఆయన గుడివాడలో జీవితమంతా ట్రాక్టరు స్పేరు పార్టుల షాపు నడిపిన మనిషి. ఎంత పాత బండి పార్టయినా వెతికితే దొరుకుతుందని, అచ్చంగా సరిపోకపోతే కాస్త అరగదీస్తే సరిపోతుందని ఆయన నమ్మకం. షాపు కొడుకు అనుదీప్‌కి అప్పగించేశాక ఆ నమ్మకమంతా పూర్వీకుల మీదకు మళ్ళింది. ముసలి మేనత్తను కదిపితే మరో రెండు పేర్లు రాలాయి. “మన వాళ్ళది దివిసీమేరా, సుబ్బన్నట ఎవరో, ఆయన నించేనట” అని ఒక ముక్క కూడా రాలింది. ఆ ముక్క పట్టుకుని చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక బస్సులన్నీ ఎక్కి దిగాడు. చివరికి నాగాయలంక అవతల, రొయ్యల చెరువుల మధ్య ఒక చిన్న ఊళ్ళో, తన ఇంటిపేరే ఉన్న పెద్దమనిషి దొరికాడు. గోగినపాటి వీరరాఘవయ్య. తొంభై దాటిన మనిషి. చెవులు భేషుగ్గా పనిచేస్తాయి. పళ్ళు లేవు. తీపంటే ప్రాణం.

“మీ వంశంలో సుబ్బన్నగారని ఎవరైనా ఉండేవారాండీ?” అని అడిగాడు నాగభూషణరావు, బందరు హల్వా పొట్లం ఆయన చేతిలో పెడుతూ.

“ఎందుకుండడు? మా రామన్న తాతకి సొంత తమ్ముడు” అన్నాడు వీరరాఘవయ్య, పొట్లం విప్పుతూ.

“ఆయన పిల్లలు గుడివాడ వైపు వచ్చేసి ఉంటారు కదండీ?”

“ఊఁ” అన్నాడు పెద్దాయన. నోటినిండా నల్లహల్వా ఉన్న మనిషికి కాదనడం కంటే ఊఁ అనడం సులువు. ఆ ఒక్క ఊఁ మీద నాగభూషణరావు వంశం దివిసీమలో పునాదులు వేసుకుంది. పై వారం ఇంకో పొట్లం, ఇంకో ఊఁ. ఆ పై వారం మరొకటి. మూడు నెలల్లో ఏడు తరాలూ పూర్తయ్యాయి.

ఆ ఇంట్లో దేవుడి మూల ఒక వెదురుబుట్టలో, పసుపు అద్దిన పంచె ఒకటి మడతపెట్టి ఉండేది. “అది మా సుబ్బన్నదేనండీ. ఇంట్లో ఏ పెళ్లయినా ముందు ఆయనకి కొత్త పంచె పెట్టి, పానకం పోసి మొక్కుకుంటాం” అన్నది పెద్దాయన కోడలు మాణిక్యమ్మ. మూలపురుషుడికి ఇంత గౌరవమా అని నాగభూషణరావు కళ్ళు చెమ్మగిల్లాయి. బుట్టముందు సాష్టాంగపడి లేచి ఫోటో తీసుకున్నాడు. మిగతా పూర్వీకుల్ని ఎవర్నీ బుట్టలో పెట్టకుండా ఈయన్నొక్కణ్ణే ఎందుకు పెట్టారని మాత్రం అడగలేదు. వెతుకుతున్న పార్టు దొరికాక దానిమీద రాసింది చదివే ఓపిక ఎవరికుంటుంది?

లెక్క ప్రకారం రెండు కుటుంబాలూ ఏడో తరంలో కలిశాయి. వీరరాఘవయ్య వరసకు పెదనాన్న అయ్యాడు. శుభలేఖలో ఆశీస్సుల దగ్గర అందరికంటే పైన ఆయన పేరే అచ్చయింది. మొదటి శుభలేఖ, దాంతోపాటు ఒక పెద్ద పెట్టెడు హల్వా దివిసీమకు వెళ్ళాయి.

రెండో పెసరట్టు సగంలో ఉండగా ఫోను మోగింది. చేసింది వీరరాఘవయ్య కొడుకు లక్ష్మీకాంతం.

“నాన్నకి నిన్నటినించీ ఏం బాగోలేదండీ. మీరు పంపిన హల్వా పెట్టె మొత్తం దుప్పట్లో పెట్టుకుని ఆయనొక్కడే తినేశాడు. షుగరు ఎక్కడికో వెళ్ళిపోయింది. మంచం దిగట్లేదు. పెద్ద ప్రాణం కదా, మన వాళ్ళందరికీ ఓ మాట చెప్తున్నాం.”

‘మన వాళ్ళు’ అనే మాటకు నాగభూషణరావు ఒళ్ళు పులకరించింది. “అయ్యో పెదనాన్నా!” అని గట్టిగానే అన్నాడు. జానకి అట్లకాడ చేత్తో పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది.

“ఆయన మనకేమవుతాడన్నారు?”

“పెదనాన్న. దాయాది. ఏడో తరంలో కలుస్తాం” అన్నాడు గర్వంగా.

“దాయాది పోతే ఏమవుతుంది?”

నాగభూషణరావు నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. దాయాది పోతే మైల. మైలలో పెళ్లి కాదుగదా, గుమ్మానికి మామిడాకు కూడా కట్టరు. మూడు నెలల పాటు ఊళ్ళు పట్టుకు తిరిగి, బస్సుకు బస్సు మారి, ఆయన ఇంటికి వెతికి తెచ్చుకున్నది ఇదన్నమాట.

వెంటనే పురోహితుడు శాస్త్రిగారికి ఫోను చేశాడు. శాస్త్రిగారు విషయం విని నిదానంగా చెప్పాడు. “ఏడు తరాల లోపు దాయాదులకి పది రోజులండీ. ఏడు దాటితే మూడు రోజుల్లో తేలిపోతుంది.”

“మరి మాది...”

“మీది ఏడని మీరేగా చెప్పారు. ఎనిమిదేమో ఇంకోసారి చూసుకోండంటే, ఏడే, రాసిపెట్టుకోండన్నారు. పెళ్లిరోజు పొద్దున కంకణం కట్టేశాక అయితే ఇక మైల అంటదు. బుధవారం పొద్దున దాకా పెద్దాయన్ని కాస్త జాగ్రత్తగా చూసుకోండి.”

“పోనీ, దాటితే మళ్ళీ ముహూర్తం ఎప్పుడండీ?”

“ఇంకెక్కడిదండీ, మూఢం వచ్చేస్తోంది. మళ్ళీ శ్రావణమే.”

శ్రావణానికి కల్యాణ్ నడిసముద్రంలో ఉంటాడు. అతను సరుకు ఓడలో ఇంజనీరు. ఇప్పుడు వెళ్ళాడంటే మళ్ళీ వచ్చే ఏడాదే నేలమీద కాలు పెట్టేది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు గానీ, గుమ్మంలో నిలబడి వింటున్న నవ్యశ్రీకి అందరికంటే బాగా తెలుసు.

“నాన్నా, మూడు నెలల క్రితం ఈ తాతగారికి ఏమన్నా అయ్యుంటే మనకి మైలా?” అని అడిగింది.

“కాదమ్మా.”

“అంటే మీరు వెతికి పెట్టుకున్నారు కాబట్టి నా పెళ్లి ఆగుతుంది.”

ఆ పిల్ల అరిచి ఉంటే ఆయన కూడా అరిచేవాడు. మెల్లిగా అని లోపలికి వెళ్ళిపోయింది. నాగభూషణరావు సగం తిన్న పెసరట్టు పక్కకు నెట్టాడు. చేతులారా చేసుకున్నదానికి ఎవరిని ఏమంటాడు?

ఫోను పెట్టేసే ముందు శాస్త్రిగారు ఊరట కోసం ఒక మాట అన్నాడు. “అయినా మైల అనేది వార్త చెవిన పడ్డప్పటినించేనండీ. వినేదాకా లేదు.” ఆయన మాటవరసకు అన్నాడు. జానకి దాన్ని శాసనంగా తీసుకుంది. ఇంట్లో ఉన్న ఫోనులన్నీ ఆపేసి బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది. బంధువులెవరైనా గేటు దగ్గరకొస్తే, నోరు తెరవకముందే “అంతా శుభమేనా? శుభమైతేనే లోపలికి రండి” అని అడగడం మొదలుపెట్టింది.

జానకిది వినకుండా ఉండే మార్గం. నాగభూషణరావుది పోనివ్వకుండా ఉండే మార్గం. గుడివాడలో తనకు తెలిసిన డాక్టరుగారిని కారెక్కించుకుని, ఫ్లెక్సు ఉన్న వెనకసీట్లోనే కొబ్బరిబోండాలు వేసుకుని, బందరు వెళ్ళాల్సిన మనిషి దివిసీమ దారి పట్టాడు. డాక్టరుగారు పెద్దాయన్ని చూసి, మందులు రాసి, ప్రాణానికేం ఢోకా లేదు గానీ ఈ వయసులో ఎవరం చెప్పగలం అన్నాడు. ఆ మాటలో మొదటి సగం విని ఉంటే సరిపోయేది. నాగభూషణరావు రెండో సగం విన్నాడు. మంచం పక్కన కూలబడి పెద్దాయన పాదాలు ఒత్తడం మొదలుపెట్టాడు.

“అంతా మీ చేతిలోనే ఉంది పెదనాన్నా. ఒక ఆడపిల్ల బతుకు. బుధవారం పొద్దున దాకా ఎలాగైనా ఉండండి. ఆ తర్వాత మీ ఇష్టం.”

వీరరాఘవయ్య ఒక కన్ను తెరిచాడు. “హల్వా తెచ్చావా?”

“బుధవారం మధ్యాహ్నం తెస్తాను పెదనాన్నా, మీరెంత కావాలంటే అంత.”

తలుపు వెనక నుంచి ఇదంతా విన్న లక్ష్మీకాంతం, మాణిక్యమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ పొలం పక్కదాకా రొయ్యల చెరువులు వచ్చేసి, ఎవరూ అడగని చవిటినేల ధరకు ఈ మధ్యనే రెక్కలొచ్చాయి. అలాంటి సమయంలో, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని గుడివాడ మనిషి ఒకడు వచ్చి వంశం గురించి గుచ్చిగుచ్చి అడిగాడు. శుభలేఖలో నాన్న పేరు అచ్చువేయించాడు. ఇప్పుడు కాళ్ళొత్తుతూ ‘అంతా మీ చేతిలోనే ఉంది, బుధవారం దాకా ఉండండి’ అంటున్నాడు.

“బుధవారం ఏముందండీ?” అన్నది మాణిక్యమ్మ గుసగుసగా.

“వాళ్ళమ్మాయి పెళ్లి.”

“పెళ్లి పేరు చెప్పి తీసుకెళ్ళి దస్తావేజు మీద వేలిముద్ర వేయించుకోడని నమ్మకమేంటి? సుబ్బన్న వాటా కావాలంటాడు చూడండి.”

నాగభూషణరావు వెళ్తూ వెళ్తూ అనుమానానికి మేకు దిగ్గొట్టి మరీ వెళ్ళాడు. నాగాయలంకలో ఒక నర్సమ్మను కుదిర్చి మంచం దగ్గర కూర్చోబెట్టాడు. ఆవిడ పేరు వీరలక్ష్మి. ఇంట్లో వాడకం లేని పాత బటన్ల ఫోను నంబరు ఆవిడకిచ్చి, “చూడండమ్మా, ఆయన బాగుంటే రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చెయ్యండి. బాగోకపోతే మాత్రం చెయ్యొద్దు. ఏం జరిగినా చెప్పొద్దు” అన్నాడు. లక్ష్మీకాంతం భుజం తట్టి, “తమ్ముడూ, నాకు తెలియకుండా ఇక్కడ ఏదీ జరగనివ్వకు. మళ్ళీ, నాకు తెలియజెయ్యనూ వద్దు” అన్నాడు. తాను ఎంతో స్పష్టంగా చెప్పానన్న తృప్తితో కారెక్కాడు.

శుక్రవారం ఫోను మోగింది. పెద్దాయన రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. శనివారం మోగింది. ఇడ్లీ అడిగి, చట్నీ బాగోలేదని తిట్టాడు. తిట్టాడన్న కబురు విని గుడివాడలో పండగ చేసుకున్నారు. జానకి దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. పెళ్లిపందిట్లో సన్నాయి ఎవరు వాయిస్తారన్నదాని గురించి ఆ ఇంట్లో ఎవరికీ బెంగ లేదు. దివిసీమలో ఇడ్లీ తిన్నాడా లేదా అన్నదే బెంగ.

ఆదివారం ఫోను మోగలేదు.

నాగభూషణరావు ఆ బటన్ల ఫోనును బల్లమీద పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. చార్జింగు ఉంది. సిగ్నలు ఉంది. పొద్దెక్కింది, మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. “బాగోకపోతే చెయ్యొద్దని ఎవరు చెప్పారు?” అన్నది జానకి. “నేనే” అన్నాడాయన. మనమే చేసి అడుగుదామా అంటే, ఆ కబురే అయితే విన్నట్టవుతుంది. విన్నారంటే మైల. వినకపోతే మైల లేదు గానీ మనసులో మైల వచ్చేసింది. పిండివంటల వాళ్ళు వచ్చి పొయ్యి వెలిగించమంటారా అని అడిగితే జానకి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ ఇంట్లో పెద్దాయన బతికీ లేడు, పోయీ లేడు.

నిజానికి జరిగింది ఏమీ లేదు. ఈ నర్సమ్మ తమ నాన్న ఊపిర్లు లెక్కపెట్టి గుడివాడకు చేరవేస్తోందని లక్ష్మీకాంతం తీర్మానించుకుని, ఆదివారం పొద్దున్నే దండం పెట్టి పంపించేశాడు. ఎవరికీ ఫోన్ చెయ్యొద్దమ్మా అని మరీ చెప్పాడు. అప్పటికే ఆవిడకు ఈ కేసులో ఫోన్ ఎప్పుడు చెయ్యాలో ఎప్పుడు చెయ్యకూడదో తల తిరిగిపోయి ఉంది. హాయిగా ఇంటికెళ్ళి పడుకుంది.

సోమవారం పొద్దున గేటు ముందు బందరు కారు ఆగింది. పురుషోత్తమరావు దిగాడు. ఆయన మొహం నిజంగానే మారిపోయి ఉంది గానీ, నాగభూషణరావు ఆశించిన పద్ధతిలో కాదు.

“అంతా శుభమేనా?” అన్నది జానకి గేటు దగ్గరే, అలవాటు కొద్దీ.

“అది నేనడగాలి చెల్లెమ్మా. నాలుగు రోజులనించీ మీ ఇంట్లో ఒక్కరి ఫోనూ పలకదు. మా ఆవిడ ఏడుపు, మావాడు అన్నం తినట్లేదు. మా సంబంధం ఇష్టం లేకపోతే మొహమాటం లేకుండా చెప్పెయ్యండి. ఇలా ఫోన్లు ఆపేసుకోవడం పెద్దమనుషుల పద్ధతి కాదు.”

అప్పుడు నాగభూషణరావు వియ్యంకుడి ముందు కూర్చుని మొత్తం చెప్పేశాడు. వంశవృక్షం ఎందుకు వెతికాడో, ఏం దొరికిందో, అది ఎలా మెడకు చుట్టుకుందో చెప్పాడు. “మీ ముందు చిన్నబోయానని చేశాను బావగారూ. ఇప్పుడు మీ ముందే తలెత్తుకోలేకపోతున్నాను” అన్నాడు.

పురుషోత్తమరావు కోప్పడలేదు. ఆయన ఏదో లెక్కలో పడ్డాడు. చేతివేళ్ళు ముడుస్తున్నాడు, విప్పుతున్నాడు. నుదుటిమీద చెమట పట్టింది.

“బావగారూ, మీకు ఒక్కరే. మా గోడమీద ఏడు తరాల లోపు డెబ్భై దాటినవాళ్ళు పద్దెనిమిది మంది ఉన్నారు” అన్నాడు హీనస్వరంతో.

కాసేపటికి ఆయనే తేరుకుని, ఇలా తెలిసీ తెలియక కూర్చుంటే లాభం లేదు, వెళ్ళి చూసొద్దాం పదండి అన్నాడు. వింటే మైల కదండీ అన్నాడు నాగభూషణరావు. వినొద్దు, నేను వింటాను, నాకు మైల లేదుగా అన్నాడు వియ్యంకుడు. జానకి భర్త చెవుల్లో దూది కుక్కి, పైన తువ్వాలు కట్టి కారెక్కించింది. దారిపొడుగునా పురుషోత్తమరావు తన పెద్దవాళ్ళకు వరసగా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. “చిన్నాన్నా, ఏం లేదు, ఊరికే చేశాను. ఒంట్లో ఎలా ఉంది? మేడ మెట్లు ఎక్కకండి.” “పెద్దమ్మా, ఆ కాశీ యాత్ర ఈ వారం వద్దు. వచ్చే వారం నేనే తీసుకెళ్తా.” చల్లపల్లిలో టీకి ఆగితే నాగభూషణరావు కారు దిగలేదు. ఎవరైనా తెలిసినవాళ్ళు కనపడి పలకరిస్తారని భయం.

ఊళ్ళోకి తిరగగానే నాగభూషణరావు సీట్లో వెనక్కి జరిగాడు. వీరరాఘవయ్య ఇంటి ముందు షామియానా వేసి ఉంది. కింద ప్లాస్టిక్ కుర్చీల్లో ఊరి పెద్దలు కూర్చుని ఉన్నారు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. ఇంక వినడానికేముంది, కళ్ళకు కనపడుతూనే ఉంది. ఆయన చప్పున కళ్ళు కూడా మూసుకున్నాడు. లక్ష్మీకాంతం విసవిసా కారు దగ్గరకొచ్చి అద్దం మీద కొట్టాడు.

“చెప్పొద్దు! చెప్పొద్దు తమ్ముడూ!” అని అరిచాడు నాగభూషణరావు లోపలినుంచి.

“చెప్పొద్దంటే ఎలాగండీ? పదిమందిలో చెప్పాలనే అందర్నీ పిలిచాం. మీకు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తరు!”

పురుషోత్తమరావు కారు దిగి షామియానా దాటి లోపలికి తొంగిచూసి, ఒక్క పరుగున వెనక్కి వచ్చాడు. నాగభూషణరావు తలమీద తువ్వాలు ఊడదీసి, చెవిలో దూది పీకి, “బావగారూ, కళ్ళు తెరవండి. ఆయన నిక్షేపంలా ఉన్నాడు. మంచమ్మీద కూర్చుని రాగిజావ తాగుతున్నాడు” అన్నాడు.

నాగభూషణరావు నడివీధిలో కారు తలుపు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఊరి పెద్దలు అది చూసి, తప్పు చేసినవాడి ఏడుపే అని తలలూపారు.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాక లక్ష్మీకాంతం లేచి నిలబడ్డాడు. “అయ్యా, ఈయన మా దాయాదినని చెప్పుకుంటూ మూడు నెలలనించీ మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. తాను మా సుబ్బన్న తాత వంశమంటాడు. రేపు వాటా అంటాడు. అందుకని పెద్దల ముందే తేల్చేద్దామని. ఏమే, నువ్వు చెప్పు.”

మాణిక్యమ్మ లోపలికెళ్ళి వెదురుబుట్ట తెచ్చి అరుగు మీద పెట్టింది. పసుపు పంచె పైకెత్తి చూపించింది.

“ఇది ఎందుకు పెడతామో ఈ ఊళ్ళో ఎవరినన్నా అడగండి. సుబ్బన్న తాత పెళ్లికాకుండా పోయాడు. లగ్గం పెట్టుకున్నాక జ్వరమొచ్చి కుర్రవయసులోనే పోయాడు. తీరని కోరికతో పోయినవాడు కాబట్టే, ఇంట్లో ఎవరి పెళ్లయినా ముందు ఆయన్ని పెళ్లికొడుకుని చేసి పంచె పెడతాం. మరి పెళ్లే కానివాడికి ఈయన మునిమనవడు ఎలా అయ్యాడండీ?”

షామియానా కింద అందరూ నాగభూషణరావు వైపు చూశారు. పరువు పోయిన మనిషి ఎలా ఉంటాడో చూద్దామని చూశారు. ఆయన మెల్లిగా కుర్చీలోంచి లేచాడు.

“అమ్మా, ఇంకోసారి చెప్పండి. సుబ్బన్నగారికి పెళ్లి కాలేదా?”

“కాలేదు.”

“పిల్లలు?”

“ఏం మాటలండీ అవి!” అన్నది మాణిక్యమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని.

“అయితే మీకూ నాకూ...”

“ఏ చుట్టరికమూ లేదు!” అన్నాడు లక్ష్మీకాంతం గట్టిగా. “ఇంటిపేరు కలిసినంత మాత్రాన దాయాదులైపోతారా? మీరెవరో మేమెవరో. మా ఇంట్లో చావుకీ పుట్టుకకీ మీకు ఏ సంబంధమూ లేదు!”

నాగభూషణరావు రెండు అంగల్లో వెళ్ళి లక్ష్మీకాంతాన్ని గట్టిగా కావలించుకున్నాడు. “ఎంత చల్లని మాట చెప్పావు తమ్ముడూ!”

“తమ్ముడూ అని పిలవొద్దు!”

“పిలవను! జన్మలో పిలవను! ఈ ముక్క ఇంకోసారి అను, శాస్త్రిగారికి వినిపించాలి.” పురుషోత్తమరావు అప్పటికే శాస్త్రిగారికి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. లక్ష్మీకాంతం అయోమయంగా మళ్ళీ అన్నాడు. ఊరి పెద్దలు సాక్ష్యం పలికారు. శాస్త్రిగారు అంతా విని, “బ్రహ్మచారికి మునిమనవళ్ళుండటం శాస్త్రంలో ఎక్కడా లేదండీ. మైల ప్రసక్తే లేదు. పొయ్యి వెలిగించుకోమనండి. ఒక్క మాట, రావుగారూ. అసలు మీ దాయాదులెవరో తెలియనంతవరకూ ఏ బాధా లేదు. ఇక వెతక్కండి” అన్నాడు.

సంగతి ఏమిటో అప్పటికి గానీ లక్ష్మీకాంతానికి అర్థం కాలేదు. వాటా కోసం కాదనీ, మైల భయంతో వచ్చి కాళ్ళొత్తాడనీ తెలిశాక ముందు నోరు తెరిచాడు, తర్వాత నవ్వాడు, ఆ నవ్వు ఆగక షామియానా కర్ర పట్టుకున్నాడు. పెద్దలు కూడా నవ్వారు. చివరికి, వచ్చినవాళ్ళందరికీ మాణిక్యమ్మ మజ్జిగ పోసింది. దాన్ని చుట్టాలకు పోసినట్టే పోసింది.

నాగభూషణరావు లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు.

“సుబ్బన్నగారికి పెళ్లి కాలేదని మీకు ముందే తెలుసు కదండీ. మరి నేనడిగినప్పుడల్లా ఊఁ అన్నారే?”

వీరరాఘవయ్య జావ గ్లాసు కింద పెట్టాడు. “కాదంటే నువ్వు మళ్ళీ రావుగా. ఈ ఇంట్లో రొయ్యల ధర అడిగేవాళ్ళే గానీ, మా తాత పేరడిగినవాడు నువ్వొక్కడివే. హల్వా ఒక్కటే అనుకున్నావా?” అని, గ్లాసు మళ్ళీ అందుకుంటూ “హల్వా కూడా” అన్నాడు.

నాగభూషణరావు మంచం అంచున కూర్చున్నాడు. మూడు నెలలు తాను పేర్లు పోగుచేసుకుంటున్నాననుకున్నాడు గానీ, ఎదురుగా ఒక మనిషి తన రాక కోసం ఎదురుచూస్తున్నాడని ఆయనకు తట్టనే లేదు. “పెళ్లికి రావాలండీ మీరు. కారు పంపుతాను” అన్నాడు.

బుధవారం గుడివాడలో పెళ్లి పసందుగా జరిగింది. కల్యాణ్ తాళి కట్టిన నిమిషాన నవ్యశ్రీ తలెత్తి తండ్రి వైపు చూసి నవ్వింది. ఆ ఒక్క నవ్వుతో నాగభూషణరావు భుజాల మీంచి ఏడు తరాల బరువు దిగిపోయింది. మండపంలో ఎక్కడా వంశవృక్షాలు కనపడలేదు. పురుషోత్తమరావు తనదాన్ని గోడమీంచి దింపి అటకెక్కించాడు. నాగభూషణరావుది పెరట్లో వంటవాళ్ళ బియ్యం బస్తాల మీద పరిచి ఉంది. నాలుగు చినుకులు పడినా దానికింద ఒక్క గింజ తడవలేదు.

ఆడపెళ్లివారి పెద్దగా ముందు వరసలో కూర్చున్నది వీరరాఘవయ్యే. వధూవరుల మీద వణికే చేతులతో అక్షింతలు వేసి, నాగభూషణరావును దగ్గరకు పిలిచి చెవిలో ఏదో అడిగాడు. ఆయన జేబులోంచి చిన్న హల్వా పొట్లం, డాక్టరుగారు ఒప్పుకున్నంతే, తీసి చేతిలో పెట్టాడు. “ఇదిగోండి మావయ్యా” అన్నాడు.

“మొన్నటిదాకా పెదనాన్నా అన్నావుగా?” అన్నాడు వీరరాఘవయ్య, పొట్లం విప్పుతూ.

“ఇక మావయ్యేనండీ, ఊరివరస మావయ్యకి మైల ఉండదు” అన్నాడు నాగభూషణరావు.